చెట్టుకు క్షమాపణ చెప్పే బొమ్మల పుస్తకం... మీ పిల్లలకు చదివారా?

కడప అమ్మ: మావాడికి ఆరేళ్ళు. పోయిన వారం ఒక బొమ్మల పుస్తకం చదివి వినిపించా. అందులో పిల్లోడు ఆటకని కొమ్మ విరుస్తాడు, దాని మీద గూడు పెట్టుకున్న పిట్ట ఎగిరిపోతుంది, ఆఖర్న చెట్టును పట్టుకుని క్షమించమంటాడు. భలే నచ్చి మూడుసార్లు చదివించుకున్నాడు. మరుసటి రోజు చూస్తే గేటు దగ్గర కొత్తగా నాటిన కానుగ మొక్క ముందు కూర్చుని, ఒక్కో ఆకూ తుంచుతూ తుంచిన ప్రతి ఆకుకూ "సారీ" చెప్తున్నాడు! సగం మొక్క బోడిదైంది. తిట్టబుద్ధి కాలేదు గానీ వాడికి ఎక్కింది ఇదేనా అని దిగులేసింది. మీరెట్లా చెప్తారు?

అనంతపురం పంతులమ్మ: తిట్టకపోవడమే మంచిదైంది అక్కా. నా క్లాసులోనూ ఇంతే. "సారీ చెప్పు" అని మనమే రోజుకు పదిసార్లు అనిపిస్తాం, ఆ మాట అనేస్తే పని అయిపోయిందనుకుంటారు. నేనిప్పుడు కొమ్మ విరిగిన పేజీ దగ్గర ఆపేసి, వాడేం చెప్పాలి అని కాకుండా ఇప్పుడేం చేయాలి అని అడుగుతా. ఒక పాప గుడ్డపీలికతో కట్టు కడదామంది, ఇంకొకడు పిట్టకు మా ఇంట్లో చోటిస్తానన్నాడు. పేజీ తిప్పడానికి అరగంట పట్టింది, పట్టనీ.

కదిరి వాసి: చూపించండి కూడా. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో కొంగలు ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి, ఊరోళ్ళు ఎవరినీ రాయి వేయనీరు. మా పాప అక్కడ తనంతట తనే గొంతు తగ్గించింది.

సిద్ధవటం నాన్న: నా బాధ వేరే. ఈ పుస్తకాల్లో ఎప్పుడూ పెంగ్విన్లూ మంచూనే, మన కలివికోడి ఏది? ఇక లేదనుకున్న పిట్ట 1986లో మన లంకమల కొండల వైపే మళ్ళీ కనబడింది. రాత్రిపూట తిరుగుతుంది, ముళ్ళపొదల మధ్య నేల మీదే దాని బతుకు, పొదలు కొట్టేస్తే ఇల్లు పోయినట్టే. పాత క్యాలెండర్ వెనక నేనే బొమ్మ గీసి చెప్తుంటా. "పొదలు కొట్టినోళ్ళు దానికి సారీ ఎట్లా చెప్తారు నాన్నా, అది కనబడదు కదా" అంది మా పాప. జవాబు చెప్పలేకపోయా.

కడప అమ్మ: వారమైంది, చెప్దామని వచ్చా. పంతులమ్మ అన్నట్టే, ఇప్పుడేం చేద్దాం రా అని అడిగా. నీళ్ళు పోస్తానని చెంబు తెచ్చేసరికి పొద్దు గుంకింది. మా అత్త చీకటి పడితే ఒక్క ఆకు తుంచనీదు, చెట్లు నిద్రపోతుంటాయంటుంది. పొద్దున లేస్తూనే నేలను తాకి, కాలు మోపుతున్నా క్షమించు తల్లీ అనుకుంటుంది. రోజూ ఇంట్లో జరిగేదే, నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు. వాడు ఒకసారి అవ్వ వైపు చూసి, చెంబు మెల్లగా వంచి, చప్పుడు కాకుండా మొదట్లో కొంచెం కొంచెంగా పోశాడు. ఈరోజు పొద్దున రెండు చిగుర్లు లెక్కపెట్టాడు.