గాజు సీసాతో చేసిన ల్యాంప్ అరగంటకే ఆరిపోతోంది, సాయం చేయండి

వెలుగురేఖ:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నాను, ఇక ఓపిక లేదు. ఖాళీ గాజు సీసాతో టేబుల్ ల్యాంప్ చేశాను. బాగానే వెలుగుతుంది, అరగంటకి మిణుకుమిణుకుమని ఆరిపోతుంది, కాసేపాగి స్విచ్ వేస్తే మళ్ళీ వెలుగుతుంది. హోల్డర్ మార్చాను, వైరు మార్చాను, స్విచ్చూ మార్చాను. ఏం మారలేదు.

పాతసామాను:
ముందు వైరు సంగతి చూసుకోండి. రేకు మూతకి మేకుతో కన్నం కొట్టి వైరు దూర్చేస్తుంటారు చాలామంది. ఆ అంచు కత్తిలా ఉంటుంది, వైరు కదిలినప్పుడల్లా తొడుగు కోసుకుపోయి రాగి తీగ రేకుకి తగిలిందంటే మూత మొత్తం షాక్ కొడుతుంది. కన్నం అంచుకి రబ్బరు బుష్ (వైరు కోసుకుపోకుండా వేసే రింగు) వేయాలి, లోపలివైపు వైరుకి ముడి వేయాలి, రేకు ఉంది కాబట్టి మూడు తీగల వైరుతో ఎర్త్ కూడా ఇవ్వాలి.

వెలుగురేఖ:
అవన్నీ చేశానండి. నేనడిగింది ఆరిపోవడం గురించి.

తీగలపని:
బల్బు ఎన్ని వాట్లు? మూత బిగించారా?

వెలుగురేఖ:
12 వాట్ల ఎల్‌ఈడీ. హోల్డర్ మూతకే ఉంది కదా, బిగించే ఉంటుంది. సీసాని బోర్లించి పెట్టాను.

తీగలపని:
అదే. వేడి.

కొత్తచేయి:
ఎల్‌ఈడీ వేడెక్కదు కదా?

తీగలపని:
తిన్న కరెంటులో సగానికి పైగా వేడే అవుతుంది. బల్బు మెడలో డ్రైవర్ ఉంటుంది, అంటే ఇంటి కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే సర్క్యూట్, గాలాడకపోతే అది కాగిపోయి ఆపేస్తుంది. చల్లారాక మళ్ళీ పనిచేస్తుంది.

పాతసామాను:
దాన్ని చోక్ అంటారు.

తీగలపని:
చోక్ ట్యూబులైటుకండీ. ఇది డ్రైవర్.

పాతసామాను:
షాపులో చోక్ అనడిగితేనే ఇస్తారు, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.

కొత్తచేయి:
పేరేదైతేనేం, మూతకి నాలుగు కన్నాలు పెడితే సరిపోతుందా?

తీగలపని:
చాలదు. సీసా బోర్లా ఉంది, వేడిగాలి పైకెక్కి అక్కడే నిలిచిపోతుంది. పైన దారి ఉండాలి, లేదంటే బల్బు తగ్గించాలి. 3 వాట్లది పెట్టి చూడండి.

వెలుగురేఖ:
3 వాట్లది పెట్టాను. వెలుగు తగ్గింది కానీ గంటన్నర నుంచి ఆరలేదు. థాంక్సండీ.

కొత్తచేయి:
పైన దారి అంటే సీసా అడుక్కి కన్నం కొట్టాలి కదా, గాజు పగలకుండా ఏ బిట్ వాడతారు?

పాతసామాను:
డైమండ్ బిట్. నెమ్మదిగా తిప్పుతూ నీళ్ళు పోస్తుండాలి. చేతి డ్రిల్లయితే బ్యాటరీదే వాడండి, నీళ్ళ దగ్గర కరెంటుది వద్దు.

కొత్తచేయి:
ఎన్ని ఎంఎంది?