ఎలైట్ డేంజరస్ అంతరిక్ష గేమ్‌లో ఇంధనం అయిపోతోంది, దారి చెప్పండి

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి మాది, చుట్టుపక్కల ఈ గేమ్ ఆడేవాళ్లెవరూ దొరకలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నా షిప్ కోబ్రా ఎంకే త్రీ, 16 టన్నుల ట్యాంక్, నక్షత్రాల నుంచి ఇంధనం తీసుకునే ఫ్యూయల్ స్కూప్ కూడా ఉంది. జనం ఉండే నక్షత్ర వ్యవస్థలు దాటి చాలా దూరం వచ్చాక గెలాక్సీ మ్యాప్ వేసిన రూట్ వరసగా ఎల్, టీ తరగతి గోధుమ మరుగుజ్జుల (బ్రౌన్ డ్వార్ఫ్‌లు, చిన్న మసక నక్షత్రాల్లాంటివి) మీదుగా పోతోంది, వాటి దగ్గర స్కూప్ పనిచేయదు కదా. ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం నక్షత్రాల దగ్గరే ఇంధనం తీసుకోగలమని తెలుసు. మ్యాప్‌లో ఆ ఏడే టిక్ చేశా, అయినా రూట్ మారట్లేదు. ఫిల్టర్‌ని రూట్‌కి కూడా వర్తింపజేసే ఆప్షన్ వేరేగా ఆన్ చేయాలా? ఎక్కడుంటుంది?

ఫాస్టెస్ట్ రూట్ తీసేసి ఎకనామికల్ పెడితే చిన్న చిన్న జంప్‌లతో (ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకడం) ఇంధనం బాగా ఆదా అవుతుంది, కానీ జంప్‌లు లెక్కలేనన్ని, అంత ఓపిక ఎవరికుంటుందండీ!

ఇంకోటి, స్కూప్ చేస్తుంటే షిప్ వేడి 100 శాతం దాటి మాడ్యూల్స్ దెబ్బతింటున్నాయి. నక్షత్రానికి ఎంత దగ్గరగా, ఏ వేగంతో పోవాలి? మీరు వేడి ఎంతకి చేరగానే పక్కకి తిప్పుతారు?

ఇంధనం అయిపోయినవాళ్లకి తెచ్చిచ్చే ఆటగాళ్ల బృందం ఫ్యూయల్ ర్యాట్స్‌ని పిలవచ్చు, నిజంగా మంచివాళ్లు. కానీ ట్యాంక్‌లో ఇంకా కొంచెం ఉంది, ఇప్పుడే పిలవనా, ఇంకో జంప్ చేసి చూడనా? ఇక్కడ వాన మొదలైంది, కరెంట్ పోయేలోపు ఎవరైనా చెప్పండి ప్లీజ్.