విన్నిపెగ్ చలికి బూట్లు: బెంగళూరులోనే కొనాలా, అక్కడికెళ్ళి కొనాలా? బడ్జెట్ 6 వేలు

బీటీఎం_అనంత:

అందరికీ నమస్తే. మా తమ్ముడికి జనవరి ఇన్‌టేక్‌లో కెనడాలోని విన్నిపెగ్‌లో సీటొచ్చింది, డిసెంబర్ 28న ఫ్లైట్. మాది అనంతపురం, చలంటే మాకు తెలిసింది భోగిమంట దగ్గర నిలబడ్డ కాసేపే, నేను బెంగళూరు వచ్చాక ఒక స్వెటర్ కొన్నా అదే గొప్ప. అక్కడ మైనస్ 30 అని ఎవరో చెప్పినప్పట్నుంచీ అమ్మకి అన్నం సయించట్లేదు.

జాకెట్ సంగతి తేలిపోయింది, సీనియర్ ఒకతను ఇస్తానన్నాడు. బూట్ల దగ్గరే ఆగిపోయాం. 6 వేలు అనుకున్నాం, లాగితే 7. ఇప్పటికి మూడు చూశాం. కమర్షియల్ స్ట్రీట్‌లో ఒక జత, లోపలంతా బొచ్చు, చూడ్డానికి భలే ఉంది, 2,200 చెప్పి 1,600కి దిగాడు. సర్జాపూర్ రోడ్ డెకాథ్లాన్‌లో స్నో హైకింగ్ బూట్లు. ఇక మూడోది, మా బావ 2016లో అమెరికాలోని బఫెలో నుంచి వచ్చేసేటప్పుడు తెచ్చుకున్నవి, చెన్నైలో వాళ్ళింటి అటక మీదున్నాయి, 150 డాలర్లు పెట్టా నాలుగుసార్లు కూడా వెయ్యలేదు, ఊరికే ఇస్తా తీసుకెళ్ళమంటున్నాడు. సైజు కూడా తమ్ముడికి కరెక్ట్‌గా సరిపోతుంది. అమ్మ దానికే ఓటు. మీరేమంటారు?

మైనస్‌లో_మావాడు:

అక్కా, నేను విన్నిపెగ్‌లోనే, ఇది ఆరో చలికాలం. ముందు అమ్మగారికి చెప్పండి, ఇక్కడ లక్షలమంది బతుకుతున్నారు, మనవాళ్ళు సంక్రాంతికి అరిసెలు కూడా వండుతున్నారు.

బొచ్చు బూట్లు మాత్రం వద్దు. ఆ బొచ్చు చాలావరకు పాలిస్టర్, ఇంట్లో బాగుంటుంది, బయట కాలికి చెమట పట్టి అది తడిసిందంటే ఇక ఆరదు, తడిసిన బొచ్చులో కాలు పెట్టడం కంటే చెప్పులేసుకోవడం నయం. పైగా వాటికి కింద సోల్ పల్చగా ఉంటుంది. చలి పైనుంచే వస్తుందనుకుంటారు కానీ పాదానికి చలి ఎక్కువగా కిందనుంచే ఎక్కుతుంది, బస్‌స్టాప్‌లో పావుగంట నిలబడితే ఐస్ గడ్డ మీద నిలబడ్డట్టే కదా. అందుకే మందం సోల్, దానిమీద ఫెల్ట్ ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద పరిచే మందపాటి ఉన్ని అట్ట), ఇవి రెండూ చూసుకుని మిగతాది తర్వాత.

అసలైన బూటు ఇక్కడే కొనమనండి. కామిక్, సోరెల్, బాఫిన్ లాంటివి కెనడియన్ టైర్‌లో దొరుకుతాయి (పేరు చూసి టైర్ల షాపనుకోకండి, నేనూ అదే అనుకుని మొదటి నెలంతా వెళ్ళలేదు), మార్క్స్ అనే షాపులో కూడా. లోపలి లైనర్ బయటికి ఊడొచ్చే రకం తీసుకోవాలి, రాత్రి తీసి ఆరబెట్టుకోవచ్చు. హీటర్ మీద మాత్రం పెట్టకూడదు, లెదర్ బిగుసుకుపోతుంది, అతుకు ఊడుతుంది. సేల్‌లో 80 నుంచి 120 డాలర్లలో మంచివే వస్తాయి, కెనడా డాలరు 60 రూపాయల పైనే కాబట్టి మీ బడ్జెట్‌కి దగ్గరే, కాకపోతే రేటు మీద 12 శాతం ట్యాక్స్ బిల్లులో కలుస్తుంది, ట్యాగ్ మీద ఉండదు, అది ముందే చెప్పండి లేకపోతే కౌంటర్ దగ్గర నాలాగా బిక్కమొహం వేస్తాడు. బాక్సింగ్ డే సేల్ డిసెంబర్ 26న మొదలవుతుంది, మీవాడు దిగేసరికి ఇంకా ఎంతో కొంత నడుస్తుంటుంది. వాల్యూ విలేజ్‌లో సెకండ్ హ్యాండ్ కూడా చూడొచ్చు, అయితే ముందు సోల్ వంచి చూడాలి.

డబ్బా మీద మైనస్ 32, మైనస్ 40 అని వేస్తారే, అది ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీది, పైగా మనిషి నడుస్తున్నాడనుకుని వేసే లెక్క. నిలబడేవాడికి అందులోంచి ఒక పదో పదిహేనో తీసెయ్యండి, ఇది నా అనుభవం.

ట్రెక్కుల_పిచ్చి:

మావాడు గారు చెప్పింది నిజమే గానీ ఒక మాట మర్చిపోయారు, పిల్లాడు ఎయిర్‌పోర్ట్ నుంచి షాపు దాకా ఏమేసుకుని వెళ్ళాలి? జనవరి మొదటి వారం, జెట్‌లాగ్, సిమ్ ఉండదు, బస్ కార్డ్ ఉండదు, స్పోర్ట్స్ షూస్‌తో దిగితే గాలితో కలిపి మైనస్ 40 అనిపించే రోజు బయటున్న చర్మానికి పది నిమిషాల్లోపే ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టడం) రావచ్చు, ఇక వేళ్ళ సంగతి మీరే ఆలోచించండి.

కాబట్టి డెకాథ్లాన్‌వి తీసుకోండి, ఆ సర్జాపూర్ రోడ్ షాపులోనే నేనూ కొన్నా, 4 వేల లోపే అయింది. కేదార్‌కంఠ మంచు ట్రెక్‌కి రెండు డిసెంబర్లు వేసుకెళ్ళా, మంచులో తడవలేదు. మైనస్ 10 దాకా నడుస్తూ ఉంటే హాయిగా ఉంది, రాత్రి క్యాంప్‌లో నిలబడితే మాత్రం వేళ్ళు జివ్వుమన్నాయి, అంటే విన్నిపెగ్‌కి అది పూర్తి బూటు కాదు, మొదటి వారానికీ తర్వాత మార్చి-ఏప్రిల్ బురద మంచుకీ పనికొస్తుంది. ఫ్లైట్‌లో వేసుకునే ఎక్కించండి, లగేజ్‌లో కిలోన్నర మిగులుతుంది, కూర్చున్నాక లేసులు వదులు చేసుకోమనండి, పాదాలు ఉబ్బుతాయి.

సైజు గురించి. మీరు కరెక్ట్‌గా సరిపోతుంది అన్నారే, అదే తప్పు. సాయంత్రం పూట, వేసుకోబోయే ఉన్ని సాక్స్ వేసుకుని, ముందు బొటనవేలికీ బూటుకీ మధ్య ఒక వేలి మందం ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. టైట్‌గా ఉంటే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఎంత బొచ్చున్నా దండగ. రెండు జతల సాక్స్ కుక్కడం కూడా ఇందుకే వద్దనేది.

వేళచ్చేరి_వాసు:

ఆ బావగారి బూట్ల దగ్గర ఆగండి అమ్మా. చెన్నై అటక మీద ఇన్నేళ్ళు అన్నారు కదా, నా కథ వినండి.

నేను కూడా చికాగో నుంచి తెచ్చిన బూట్లు ఇలాగే కవర్లో చుట్టి లాఫ్ట్ మీద పెట్టా, ఏడేళ్ళ తర్వాత లేహ్ ప్రోగ్రామ్ పెట్టుకుని తీశా, పైన లెదర్ చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. వేసుకుని ఇంట్లోంచి బయల్దేరా. ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ దాటేసరికి వెనకాల నల్లటి ముక్కలు రాలుతున్నాయి, ఎవరో చాక్లెట్ కేక్ తిని పడేశారేమో అనుకున్నా, చూస్తే నా సోలే. గేట్ దగ్గరికెళ్ళేలోపు ఎడమ కాలిది మొత్తం ఊడింది. మా ఆవిడ సెల్లో టేప్ కోసం షాపులన్నీ తిరిగింది, పిల్లలు మాత్రం వీడియో తీశారు.

తర్వాత చెప్పుల రిపేరాయన చెబితే తెలిసింది, పాలీయూరెథేన్ అంటారట, చాలా బూట్ల సోల్లో మధ్య పొర దానిదే. గాలిలో తేమతో అది లోపల్లోపలే విడిపోతుంది, వాడినా వాడకపోయినా సరే, అసలు వాడుతుంటేనే కాస్త నయం, కవర్లో చుట్టి పెడితే ఇంకా తొందరగా పోతుంది. చెన్నై తేమ గురించి మీకు చెప్పాలా, ఇక్కడ ఉప్పు డబ్బానే నీళ్ళవుతుంది. ఈవీఏ ఫోమ్ అని ఇంకో రకం సోల్ ఉంటుంది, అదైతే ఇలా పొడి అవ్వదట. బావగారిని సోల్ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి చూడమనండి, బూటుని సగానికి వంచమనండి.

పీణ్య_షిఫ్ట్:

ఎస్పీ రోడ్ దగ్గర సేఫ్టీ షూస్ 1,200కి వస్తాయి కదా సిస్టర్, గట్టివి, మేము ఫ్యాక్టరీలో రెండేళ్ళు వాడతాం

మైనస్‌లో_మావాడు:

అన్నా స్టీల్ క్యాప్ ఉన్నవి వద్దు, ఇక్కడ గోడౌన్లో పార్ట్‌టైమ్ చేసినప్పుడు వేసుకున్నా, ముందు వేళ్ళని ఫ్రీజర్లో పెట్టినట్టే ఉంటుంది. అలాగే మన పొలం గమ్‌బూట్లు, పీవీసీవి, చలికి చెక్కలా బిగుసుకుని పగులుతాయి.

ఇంకోటి మర్చిపోయా, జారడం. మనవాళ్ళు చలికి భయపడతారు గానీ మొదటి నెలలో పడేది జారే. టొరంటోలో ఒక ల్యాబ్‌లో ఐస్ నేలని వాలుగా వంచి మనుషుల్ని నడిపించి బూట్లకి స్నోఫ్లేక్ మార్కులు ఇస్తారు, రేట్ మై ట్రెడ్స్ అని, కొనేముందు అందులో చూసుకోమనండి. 2016లో మొదటిసారి ఫలితాలు పెట్టినప్పుడు 98 రకాల్లో పదోవంతు కూడా పాస్ కాలేదు. రోడ్డు మీద చల్లే ఉప్పుకి లెదర్ మీద తెల్ల చారలొస్తాయి, నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తుడిస్తే పోతాయి, లేకపోతే ఒక్క సీజన్‌కే పగుళ్ళు.

బీటీఎం_అనంత:

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. ఉన్ని సాక్స్ ఇక్కడే కొనొచ్చా? మెజెస్టిక్ దగ్గర స్వెటర్లతో పాటు పెట్టి ప్యూర్ ఉల్లెన్ 150 అంటున్నారు.

ట్రెక్కుల_పిచ్చి:

ఒక జత కొని దారం పీకి అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిదైతే ఉన్ని, కరిగి గట్టి ముత్యంలా అయితే అక్రిలిక్. కాటన్ అసలొద్దు, చెమట పీల్చుకుని అలాగే ఉంచుకుంటుంది. మెరినో (సన్నటి మెత్తటి ఉన్ని) కలిసినవి మూడు జతలుంటే చాలు.

బీటీఎం_అనంత:

అప్‌డేట్. మెజెస్టిక్ సాక్స్ ముత్యాలే, అదీ నల్ల పొగతో, పీజీలో పక్క రూమమ్మాయి పరిగెత్తుకొచ్చింది. డెకాథ్లాన్‌లో బూట్లు ఒక సైజు పెద్దవి, ఉన్ని కలిసిన సాక్స్ మూడు జతలు తీసుకున్నాం, మొత్తం 5,400 అయింది. పెద్ద బూటుకి అమ్మ నాన్నకి తెలీకుండా దాచిన 8 వేలు ఇచ్చింది, అక్కడ దిగాక మావాడు గారితో షాపుకెళ్తాడు, నంబర్ మెసేజ్‌లో తీసుకున్నా.

బావ వీడియో కాల్‌లో సోల్ నొక్కి చూపించాడు. బొటనవేలు లోపలికి దిగిపోయింది. ఇదంతా పైపైనే, ఫెవిక్విక్ పెడితే సెట్టవుతుంది, కొరియర్ చేస్తా అంటున్నాడు. వద్దని ఎవరు చెప్పాలా అని అమ్మా నేనూ వాదించుకుంటున్నాం.