60 వేలల్లో గేమింగ్ పీసీ: ఈ కొటేషన్ తీసుకోవచ్చా?

గోదారి_గేమర్:

అందరికీ నమస్కారం. మాది కాకినాడ, బీటెక్ రెండో ఏడాది చదువుతున్నా. ఇన్నాళ్లూ అక్క పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చా. ఈసారి మార్కులు బాగా వచ్చాయని నాన్నగారు 60 వేల వరకూ సరే అన్నారు. ఆపైన ఒక్క రూపాయి అడిగినా అసలుకే ఎసరు. మానిటర్ కొనక్కర్లేదు, అక్క వర్క్ ఫ్రమ్ హోమ్‌కి వాడిన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్‌ది ఖాళీగానే ఉంది.

రోజూ ఆడేది వాలొరెంట్. అప్పుడప్పుడూ జీటీఏ 5. సెలవుల్లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదలుపెట్టాలని ఉంది. కాలేజీ ప్రాజెక్టుకి ఆండ్రాయిడ్ స్టూడియో కూడా నడవాలి.

మా బాబాయ్ కొడుకు సికింద్రాబాద్‌లో ఉంటాడు. ఒక షాపులో అడిగి వాట్సాప్‌లో పంపించాడు:

రైజెన్ 5 5600జీ (ప్రాసెసర్): 12,800
ఏ520 మదర్‌బోర్డు: 5,600
16 జీబీ ర్యామ్: 9,000
512 జీబీ ఎస్‌ఎస్‌డీ: 4,800
ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ (గ్రాఫిక్స్ కార్డు): 14,500
240 ఎంఎం లిక్విడ్ కూలర్: 5,200
ఆర్‌జీబీ గేమింగ్ క్యాబినెట్, 600 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో (పవర్ సప్లై): 6,300
మొత్తం: 58,200

షాపతను చెప్పేదేంటంటే, 5600జీ లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు పాడైనా పీసీ నడుస్తుందట. కాకినాడ ఎండలకి లిక్విడ్ కూలర్ లేకపోతే కష్టమట. ఆదివారం అడ్వాన్స్ ఇచ్చేద్దామంటున్నాడు అన్నయ్య. ఇచ్చేయమంటారా?

పార్క్‌లేన్_పాతకాపు:

ఆగు తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వకు.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ బజార్లో కౌంటర్ వెనక నిలబడి ఇలాంటి కొటేషన్లు చాలానే రాశాను. అందుకే నా కన్ను ధరల మీదకి పోదు, మోడల్ పేరు లేని లైన్ల మీదకి పోతుంది. ప్రాసెసర్ పేరు పూర్తిగా రాశాడు, ఎందుకంటే దాని రేటు నువ్వు ఫోన్‌లో చూసేయగలవు. ర్యామ్‌కి, ఎస్‌ఎస్‌డీకి, ఎస్ఎంపీఎస్‌కి మాత్రం కంపెనీ లేదు, మోడల్ లేదు. షాపు మిగుల్చుకునేది ఆ లైన్లలోనే. మోసం అని అనను. ఆ రోజు స్టాకులో ఏది ఉంటే అది పెట్టేయడానికి ఖాళీ వదిలిపెట్టుకున్నాడు, అంతే.

ముందు గ్రాఫిక్స్ కార్డు సంగతి. 6500 ఎక్స్‌టీకి బోర్డుతో డేటా నడిచే దారులు, అంటే లేన్లు, నాలుగే. పీసీఐఈ (ఆ దారుల ప్రమాణం) 4.0 ఉన్న బోర్డులో ఆ నాలుగుతో ఎలాగో నెట్టుకొస్తుంది. కానీ 5600జీ ఇచ్చేది 3.0 మాత్రమే, ఏ520 కూడా 3.0నే. అంటే వేగం సగానికి పడిపోయింది. కార్డులోని 4 జీబీ నిండిపోతే మిగతా టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల పైన అతికే బొమ్మలు) మామూలు ర్యామ్ నుంచి ఆ ఇరుకు సందులోంచే రావాలి. వాలొరెంట్‌లో నీకు పెద్దగా తెలియదు. రెడ్ డెడ్‌లో గుర్రమెక్కి సెయింట్ డెనిస్ నగరంలోకి వెళ్లినప్పుడు చూడు, ఆగి ఆగి కదులుతుంది. కార్డు, ప్రాసెసర్, బోర్డు, ఈ మూడింటిలో ఏదీ విడిగా చూస్తే చెత్త కాదు. మూడూ ఒకే పెట్టెలో చేరడమే తంటా.

దాని బదులు ఆర్‌ఎక్స్ 6600 అడుగు. 8 జీబీ, ఎనిమిది లేన్లు, తినేది 132 వాట్లు. ఏ520లో పెట్టినా పెద్దగా నష్టపోవు. 75 హెర్ట్జ్ మానిటర్‌కి అంతకన్నా పెద్దది కొన్నా కళ్లకు కనిపించదు. షాపతను ఆర్‌టీఎక్స్ 3050 చూపిస్తే ఎన్ని జీబీదో అడుగు. 8 జీబీది, 6 జీబీది పేరులో ఒకటే. కానీ 6 జీబీ దాంట్లో కోర్లు తక్కువ, మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) కూడా 128 బిట్ల నుంచి 96కి దిగిపోయింది. ఫుల్ హెచ్‌డీ గేముల్లో మామూలుగా 6600 ఆ రెండింటికన్నా ముందే ఉంటుంది.

డబ్బు ఎక్కడిదంటావా? లిక్విడ్ కూలర్ తీసెయ్. నీ ప్రాసెసర్ 65 వాట్ల చిప్, ఫ్యాన్ బాక్సులోనే వస్తుంది (బాక్స్ పీసే అడుగు, ట్రే పీస్, అంటే డబ్బా లేని విడి చిప్, అంటగడితే ఫ్యాన్ రాదు). దానికి 240 ఎంఎం కూలర్ అంటే మోపెడ్‌కి లారీ రేడియేటర్ బిగించినట్టే. పైగా ఏ కూలరైనా గదిలో గాలి కన్నా చల్లగా చేయలేదు. మీ ఊరి ఎండకి కావాల్సింది ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్. చాలా ఆర్‌జీబీ క్యాబినెట్లకి ముందు అద్దమే ఉంటుంది, గాలి లోపలికి పోయే దారే ఉండదు.

5600జీ గురించి షాపతను చెప్పింది అబద్ధం కాదు. కార్డు వారంటీకి వెళ్తే జీ లేని 5600తో స్క్రీన్ రాదు. కానీ 5600లో కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16. గేముల్లో ఆ తేడా కనిపిస్తుంది. ఎప్పుడో రాబోయే రిపేరు కోసం రోజూ ఆడే ఆటని తగ్గించుకోవడం నాకు నచ్చదు. అలాంటి రోజొస్తే ఎవరి దగ్గరైనా మూలన పడున్న పాత డిస్‌ప్లే కార్డు అడిగి తెచ్చుకో. కాలేజీ పని ఆగదు.

ఇక ఎస్ఎంపీఎస్. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే "600 వాట్లు" అనే మాట డబ్బా మీద అచ్చయిన మాట మాత్రమే. దాన్ని తిప్పి పక్కన అతికించిన స్టిక్కర్ చదువు. 3.3వీ, 5వీ, 12వీ అని గడులుంటాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా బతికేది 12వీ మీదే. ఆ గడి కింద ఉన్న ఆంపియర్లని 12తో గుణించు. 16 ఆంపియర్లు అని ఉంటే 192 వాట్లు, అంతే. మిగతా 400 కాగితం మీద ఉన్నాయి. మంచి 550 వాట్ల దానికి 12వీ దగ్గర 45 ఆంపియర్ల దాకా ఉంటుంది. తర్వాత చేత్తో ఎత్తి చూడు. నాసిరకం పీస్ ఖాళీ డబ్బాలా తేలిపోతుంది. అందులో గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే 8 పిన్ కేబుల్ కూడా చాలాసార్లు ఉండదు. అప్పుడు షాపులో ఒక కన్వర్టర్ ముక్క తగిలించి "నడుస్తుంది" అంటారు. నడుస్తుంది, లోడ్ పడేదాకా. ఎస్ఎంపీఎస్ విడిగా కొను: 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర), అయిదేళ్ల వారంటీ.

ర్యామ్ డీడీఆర్4 3200, 8 జీబీలవి రెండు. ఒకటే 16 వేస్తే డ్యూయల్ చానెల్, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడిచే వేగం, పోతుంది. ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈనా (వేగమైన రకం), సాటానా (నెమ్మది రకం) అని అడిగి రాయించుకో. గేముల్లో తేడా తక్కువే, కానీ ఎన్‌వీఎంఈ డబ్బులు తీసుకుని సాటా ఇవ్వకూడదు కదా.

నైట్‌షిఫ్ట్_నేస్తం:

పాతకాపు గారి మాటలన్నీ ఒప్పుకుంటా, రెండు తప్ప. ఒకటి, 6600 సెకండ్ హ్యాండ్‌లో చూస్తే బోలెడు మిగులుతుంది, ఆ డబ్బుతో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వస్తుంది. జీటీఏ, రెడ్ డెడ్ రెండూ వేస్తే 512లో సగం అయిపోయినట్టే, ఆపైన విండోస్, ఆండ్రాయిడ్ స్టూడియో. రెండు, ఈ ప్రాసెసర్, బోర్డు వాడే ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) 2016 నాటిది. ఇప్పుడు కొత్తగా దాన్ని కొనడం ఎందుకు? దాని తర్వాతి తరం ఏఎం5కి వెళ్తే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

పార్క్‌లేన్_పాతకాపు:

ఏఎం5 మాట వేరే రోజుల్లో అయితే నేనే చెప్పేవాణ్ని. అది డీడీఆర్5 తప్ప వేరేది తీసుకోదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ రేట్లు చుక్కలనంటుతున్నాయి. డీడీఆర్4 కూడా పెరిగింది, ఈ కుర్రాడి కొటేషన్‌లో 9 వేలు చూశావుగా. 60 వేలల్లో ఏఎం5 అంటే చివరికి కోత పడేది గ్రాఫిక్స్ కార్డుకే. రేపటి ప్రాసెసర్ కోసం ఇవాళ్టి ఆట పాడు చేసుకోవడమే.

సెకండ్ హ్యాండ్ కార్డు తప్పేం కాదు. అయితే 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించే పని) ఆగిపోయాక రాత్రింబగళ్లు తిరిగిన కార్డులు చాలా బజార్లోకి వచ్చాయి, 6600లు కూడా. కొనేవాడికి బిల్లు ఉండాలి, డబ్బా మీది సీరియల్ నంబర్ కార్డు మీది దానితో కలవాలి, ఎదురుగా అరగంట గేమ్ ఆడించి ఫ్యాన్ చప్పుడు వినాలి. అదంతా కాకినాడ నుంచి కుదరదు. వాళ్ల నాన్నగారి డబ్బు కూడాను. కొత్తదే కొనమంటా. 1 టీబీ విషయంలో నువ్వు చెప్పింది రైటే, కానీ రెండో ఎస్‌ఎస్‌డీ ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు అలా కాదు.

సామర్లకోట_సుభద్ర:

బాబూ, మేం మీ పక్క ఊరే. అందరూ పెట్టె లోపలి సంగతులే చెబుతున్నారు, గోడ సంగతి ఎవరూ అడగలేదు. మా అబ్బాయి గదిలో పీసీ పెట్టిన కొత్తల్లో క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి వేస్తే జివ్వుమనేది. మూడు పిన్నుల సాకెట్ ఉందిగా అనుకున్నాం. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఎర్త్ వైరు ఆ బోర్డు దాకా రానేలేదు. ముందు అది చూపించుకో నాన్నా.

రెండోది యూపీఎస్. యూపీఎస్ డబ్బా మీద రాసే కొలత వీఏ, 600 వీఏ అంటే సుమారు 360 వాట్లే. నీ పీసీకి, మానిటర్‌కి సరిపోతుంది, కానీ కరెంటు పోయాక కొద్ది నిమిషాలే. సేవ్ చేసి ఆపేయడానికి, ఆడటానికి కాదు. మా వాడు ఆ మాట ఇప్పటికీ వినడు. దీనికి డబ్బు నీ 60 వేలల్లో ఉందా?

గోదారి_గేమర్:

అందరికీ చాలా థ్యాంక్స్. పిన్నిగారూ, యూపీఎస్ పాత ల్యాప్‌టాప్ అమ్మిన డబ్బుతో తీసుకుంటా, నాన్నగారికి చెప్పేశా. ఎర్తింగ్ రేపే చూపిస్తా.

అన్నయ్య సీటీసీలో (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చోటు) ఇంకో రెండు షాపులు తిరిగాడు. మోడల్ పేర్లన్నీ రాయించుకున్నాడు. 5600 బాక్స్ పీస్ 12,000, ఏ520 5,600, 8 జీబీవి రెండు 9,400, ఎన్‌వీఎంఈ 500 జీబీ 5,000, 6600 20,500, జాలీ క్యాబినెట్ 2,600, 550 బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ 4,200. మొత్తం 59,300. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామంటున్నారు. బోర్డు పాత స్టాకు, బయాస్ (పీసీని లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోవాల్సి రావచ్చన్నారు. అది నేను చేసుకోగలనా?

పార్క్‌లేన్_పాతకాపు:

బిల్లు వదులుకోకు. వారంటీకి వెళ్లిన రోజు మొదట అడిగేది అదే. ఒక్కో పార్టు పేరు, సీరియల్ నంబర్ బిల్లులో ఉండాలి.

బయాస్ షాపులోనే చేయించు. పాత బయాస్‌తో 5600 పెడితే బోర్డు లేవకపోవచ్చు, అప్పుడు అప్‌డేట్ చేయడానికి చాలా బోర్డులకి పాత ప్రాసెసర్ కావాలి. వాళ్ల దగ్గర ఉంటుంది, నీ దగ్గర ఉండదు. డబ్బా మీద "రైజెన్ 5000 రెడీ" స్టిక్కర్ ఉంటే ఆ గొడవే లేదు.

ఇంటికొచ్చాక హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు, బోర్డుకి పెడితే నల్ల స్క్రీన్ చూసి హడలిపోతావు. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్, లేకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో పడుకుంటుంది. రీసైజబుల్ బార్ (గ్రాఫిక్స్ కార్డు మెమరీ అంతటినీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సెట్టింగ్) కూడా ఆన్ చెయ్. విండోస్ 11 మీద వాలొరెంట్‌కి సెక్యూర్ బూట్, టీపీఎం అనే రెండు భద్రతా సెట్టింగులు తప్పనిసరి, అవి కూడా అక్కడే దొరుకుతాయి. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ ఫోటో తీసి ఇక్కడ పెట్టు, రాత్రి 9 తర్వాత నేను ఖాళీయే.