బావగారు మందు మానేస్తానంటున్నారు, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కి ఎలా వెళ్ళాలి?

నిజామాబాద్_చెల్లి:
మా బావగారికి 44 ఏళ్ళు. రోజూ సాయంత్రం రెండు క్వార్టర్లు, సెలవు రోజైతే పొద్దున్నే కల్లు కాంపౌండ్. ఈ వారం తనంతట తనే "మానేస్తా, ఏవో మీటింగులు ఉంటాయట, కనుక్కోండి" అన్నారు. ఎక్కడ జరుగుతాయో ఎలా తెలుసుకోవాలి? తెలుగులో ఉంటాయా? డబ్బు కట్టాలా? చర్చిలో పెడతారని విన్నాం, మతం వ్యవహారమా? తెలిసినవాళ్ళు చూస్తే పరువు పోతుందని ఆయన భయం.

వార్డు_నర్సు:
మీటింగ్ కన్నా ముందు డాక్టరు. రేపటి నుంచి చుక్క ముట్టనని ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయనివ్వకండి. రోజూ తాగే ఒంటికి మందు అందకపోతే కొద్ది గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. లేనివి కనబడటం, ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టకపోవడం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. అలా అయితే ప్రాణానికే ముప్పు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

కల్లు సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అవి ఆగినా ఫిట్స్ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం పోటెత్తింది అందుకే. రోజుకి ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అన్నవి కాగితం మీద రాసుకుని సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి.

ఇంకో మాట. నీరసంగా ఉన్నారని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించి ఇంటికి పంపడం మన దగ్గర మామూలైపోయింది. బాగా తాగేవాళ్ళలో థయామిన్, అంటే బీ1, బాగా తగ్గి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చారా?" అని నిలదీసి అడగండి.

పన్నెండు_మెట్లు:
ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ ఒకరికొకరు తోడుండే బృందం. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. చివర్లో సంచి తిప్పుతారు, గది అద్దెకీ టీకీ సభ్యులే వేసుకుంటారు. కొత్తవాళ్ళు వేయనక్కర్లేదు. వేలల్లో ఫీజు అడిగారంటే అది ప్రైవేటు డీఅడిక్షన్ సెంటరు, ఏఏ కాదు. చర్చిలోనో స్కూల్లోనో గది తీసుకుంటారు గానీ ఏ మతానికీ చెందదు. ఏఏ పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, "నాకు అర్థమైన దేవుడు" అన్న అర్థంలోనే. గుడికి వెళ్ళేవాళ్ళూ నమాజు చేసేవాళ్ళూ ఏమీ నమ్మనివాళ్ళూ పక్కపక్కనే కూర్చుంటారు.

వెతకడానికి ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరు చూడండి. దొరికిన నంబరుకి ఆయన చేతే ఫోన్ చేయించండి, అవతల ఎత్తేదీ తాగుడు మానినవాళ్ళే. ఆ గ్రూపు ఇప్పటికీ అదే చోట, అదే టైముకి నడుస్తోందా అని ముందు అడగమనండి. పాత జాబితా పట్టుకుని తాళం వేసిన గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చినవాడు రెండోసారి బయల్దేరడం కష్టం. తెలుగులో మాట్లాడతారా, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా, గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా అన్నది కూడా కనుక్కోమనండి. తెలిసినవాళ్ళ భయం ఉంటే పక్క ఊరి గ్రూపుకి వెళ్ళొచ్చు. ఆన్‌లైన్‌లో అయితే వీడియో ఆపేసి వినొచ్చు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకీ అదే దారి.

పది నిమిషాలు ముందు వెళ్తే మంచిది. మీటింగ్ గంట, గంటన్నర. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. ఆయన వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే చాలు. అయిపోగానే చెప్పులేసుకుని వచ్చేయకుండా టీ దగ్గర కాసేపు నిలబడమనండి, ఫోన్ నంబర్లు దొరికేది అక్కడే. సాయంత్రం ఏడింటికి మనసు లాగినప్పుడు చేయాల్సింది ఆ నంబర్లకే. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడాలి, కనీసం ఐదారు మీటింగులు చూడకుండా పనికిరాదనుకోవద్దు. ఎవరైనా పాత సభ్యుడు "మాత్రలెందుకు, మానెయ్" అన్నా వినొద్దు. మాత్రల సంగతి డాక్టరు చూసుకోవాలి.

నిజామాబాద్_చెల్లి:
చాలా థాంక్స్. మా అక్క కూడా లోపలికి వెళ్ళొచ్చా? ఇంకోటి, అన్నంలో కలిపితే మందు మానేస్తారని ఎవరో పొడి చెప్పారు, అది వాడొచ్చా?

ఇంటివాళ్ళ_తరఫు:
ఓపెన్ మీటింగ్ అయితే అక్కగారు వెళ్ళొచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఇంటివాళ్ళకి అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, ఆయన వెళ్ళినా వెళ్ళకపోయినా అక్కగారు చేరొచ్చు. "మా ఆయన వచ్చారా?" అని గ్రూపుకి ఫోన్ చేస్తే మాత్రం చెప్పరు. అది దాచడం కాదు, ఆ భరోసా మీదే కదా జనం వచ్చేది.

పొడి వద్దే వద్దు. అలాంటి వాటిలో ఏముంటుందో ఎవరికీ తెలీదు. మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర కలిపి ఉంటే, తెలియక ఆయన మందు తాగిన వెంటనే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. ప్రాణం పోవచ్చు. డాక్టరు డైసల్ఫిరామ్ ఇచ్చేది ఆయనకి చెప్పి, ఒప్పించి, గుండె, లివరు పరీక్షలు చూసుకుని, చివరి పెగ్గు తర్వాత కనీసం 12 గంటలు ఆగాకే. ఇప్పటికే ఆ పొడి కలిపి ఉంటే ఆపేసి, ఆయనకీ డాక్టరుకీ చెప్పేయండి. మాత్ర ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు, ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్ కూడా ఆ రోజుల్లో పనికిరాదు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.