బండ వేషం ఫోటోల్లో కుంకుమంతా ఎర్ర ముద్ద అయిపోయింది, తప్పు నాదా జేపీజీదా?

తిరుపతోడు:
అన్నా ఒక డౌటు. ఈరోజు తిరుపతి గంగజాతరలో బండ వేషం తీసినా, మూడొందల ఫోటోలు, అన్నీ జేపీజీనే. కెమెరాలో బాగానే కనపడినాయి, హిస్టోగ్రామ్ (వెలుతురు గ్రాఫు) కూడా కుడిపక్క గోడకి తగల్లేదు. ఇంటికొచ్చి సిస్టంలో చూస్తే కుంకుమ పూసుకున్న మొహాలు ఒకటే ఎరుపు, ముడతల్లేవు చెమటల్లేవు. నిన్న బైరాగి వేషంలో నామకొమ్ము తెలుపు మాత్రం చక్కగా వచ్చిందే?

పెళ్లిళ్ల_మామ:
నువ్వు చూసింది మొత్తం వెలుతురు హిస్టోగ్రామ్ అబ్బోడా. దాంట్లో పచ్చ వాటానే ఎక్కువ, ఎరుపు చిట్టచివరి మెట్టు 255కి పోయి కొట్టుకున్నా అది మధ్యలోనే కూచోనుంటాది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేస్కో, ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా చూపిస్తాది. రంగులు ముదురు చేసే వివిడ్ మోడ్ పెట్టినావేమో కూడా చూడు. ఎర్ర పట్టుచీరలతో నేనూ ఇట్లే తిట్లు తిన్నా.

చిత్తూరు_లెన్స్:
అసలు కెమెరాలో వెలుతురు పట్టే సెన్సార్ మీద ఒక్కో చుక్కకి ఒక్క రంగే తెలుస్తాది, నాలుగు చుక్కల్లో రెండు పచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, 1976లో కొడాక్‌లో పనిచేసే బ్రైస్ బేయర్‌కి పేటెంటు వచ్చిన పద్ధతే ఇంకా నడస్తా ఉండాది. మిగతా రంగులు ప్రాసెసర్ పక్క చుక్కల్ని చూసి లెక్కేసుకుంటాది, దానిమీద వైట్ బ్యాలెన్స్, కాంట్రాస్టు పూసి, 8 బిట్‌కి కుదించి, 8x8 గళ్ళుగా కోసి, కంటికి ఆనని వివరాలు పారేసి జేపీజీ రాస్తాది. అంటే రంగుకి 256 మెట్లే. అదే 14 బిట్ ‘రా’ (RAW, సెన్సార్ పట్టింది పట్టినట్టే దాచే ఫైలు)లో అయితే 16384 మెట్లు. సెన్సారే నిండిపోకుంటే నీ కుంకుమ రాలో దొరికుండేది, జేపీజీలో పోయింది పోయినట్టే.

తలకోన_తిరుగుడు:
నేను మొదటిసారి రా తెరిస్తే ఒక్క క్షణం రంగులు బాగుండి వెంటనే చప్పబడిపోయింది, ఫైలు పాడైందని కార్డు ఫార్మాట్ కొట్టేసినా 😭 తర్వాత తెలిసింది, రా లోపల ప్రివ్యూకి చిన్న జేపీజీ దాచిపెడతాదంట, ముందు కనపడేది అదే. తలకోనలో కోతుల్ని రాలో బర్స్ట్ (వరసపెట్టి టకటకా) తీస్తే, కార్డుకెక్కే ముందు ఫోటోలు ఆగే బఫర్ నిండి కెమెరా బిగుసుకుపోతాది, అదొక బాధ.

పెళ్లిళ్ల_మామ:
24 మెగాపిక్సెల్‌కి రా పాతిక ముప్పై ఎంబీ, నిండదా మరి. నేను తాళి, తలంబ్రాలు రా ప్లస్ జేపీజీ, బంతి భోజనాలు ఉత్త జేపీజీ.

తిరుపతోడు:
రేపు తోటి వేషం, బొగ్గు పూసుకుంటారు. దానికెట్ల మామా?

పెళ్లిళ్ల_మామ:
నల్లటిది నిండుగా కనపడితే కెమెరా చీకటనుకోని వెలుతురు పెంచేస్తాది, బొగ్గు బూడిదైపోతాది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు తగ్గించే, పెంచే సెట్టింగు) మైనస్ పాయింట్ ఏడు పెట్టి రాలో తియ్యి.

తిరుపతోడు:
సరే, కార్డు ఖాళీ చేస్తా ఉండా.