«ఇటుకలే మరి»యా, «ఇటుకలా మరి»యా?

నాగావళి ఒడ్డు: ఆల్జీబ్రా క్లాసుల్లో పాడుకునే ముత్యాలసరం ఒకటి నోట్లో నానుతోంది: «విడనివన్నీ ఇటుకలే మరి». మాడ్యూలంటే ఆల్జీబ్రాతో గుణించగలిగే వెక్టర్ స్పేసు; విడనివంటే రెండు చిన్న మాడ్యూళ్ల మొత్తంగా విడిపోనివి; ఇటుకలంటే తమలోకి తాము పోయే మ్యాపుల్లో సున్నా కానిదానికల్లా విలోమం ఉన్నవి. తరువాతి పాదం రావట్లేదు. «లే»నా, «లా»నా?

బొబ్బిలి వీణ: «లే» అయితే అబద్ధం. ఎక్స్ వర్గం సున్నా అయ్యే ఆల్జీబ్రాని తన మీదే మాడ్యూలుగా చూడండి. డైమెన్షన్ 2. ఎండోమార్ఫిజం రింగులో (తనలోకి తను పోయే మ్యాపుల్లో) 0, 1 తప్ప ఐడెంపొటెంట్లు (వర్గం తనే అయ్యేవి) లేవు, అంచేత విడదు. కాని ఎక్స్‌తో గుణించడం సున్నా కాదు, దానికి విలోమమూ లేదు. ఇటుకెలా అవుతుంది? «లా»యే, ప్రశ్న.

పార్వతీపురం మాస్టారు: తొందరేటి బాబూ? ముందు పాదంలో డింకిన్ (ఏ, డి, ఈ అనే చుక్కల, గీతల బొమ్మలు) ఉందేమో! కనెక్టెడ్ క్వివర్‌కి (చుక్కల్ని బాణాలతో కలిపిన బొమ్మకి) విడని మాడ్యూళ్లు పరిమితంగా ఉండేది ఏ, డి, ఈ బొమ్మల మీదే అని గేబ్రియల్ 1972లో తేల్చాడు. అక్కడ అన్నీ ఇటుకలే. వాటి లెక్క ఏ3కి 6, డి4కి 12, ఈ8కి 120, ధన రూట్లు (బొమ్మకి కట్టే ప్రత్యేక వెక్టర్లు) ఎన్నో అన్ని. «లే» నిలుస్తుంది.

ఆమదాలవలస: నేను తిరగేసి విన్నాను, «ఇటుకలన్నీ విడనివే మరి». ఇదైతే ఏ షరతూ అక్కర్లేదు. ఇటుక ఎండోమార్ఫిజం రింగు డివిజన్ రింగు (సున్నా కానిదానికల్లా విలోమం ఉన్నది), అందులో ఐడెంపొటెంట్లు 0, 1 మాత్రమే.

బొబ్బిలి వీణ: రెండూ 3-4-3-4 మాత్రలుగానే నడుస్తాయి, ఛందస్సు తీర్పు చెప్పదు. పైగా «విడనివన్నీ» తరవాత యడాగమం రావాలి, «యిటుకలే».

పార్వతీపురం మాస్టారు: వచ్చినా మాత్ర పెరగదు. గురజాడ వారి సరానికి యడాగమం లెక్కలా? గిడుగు వారు వింటే నవ్వుతారు. విజయనగరంలో ఇద్దరూ సహాధ్యాయులు.

ఆమదాలవలస: ఆ నడక గురజాడ పుట్టించింది కాదు లెండి. వృషభగతి రగడ పాదం 28 మాత్రలు, అందులో సగం ఇది.

పార్వతీపురం మాస్టారు: సగానికి కొయ్యడం ఎవరికైనా వచ్చు. యతిప్రాసలు వదిలి, నాలుగో పాదం పొట్టిగా ఆపి, అయినా పాట పోకుండా చూడ్డం ఆయనకే చెల్లింది.

నాగావళి ఒడ్డు: రగడ సరే, నా రెండో పాదం? «క్రోనకర్» అన్న మాట ఉన్నట్టు గుర్తు.

బొబ్బిలి వీణ: అయితే «లే» పోయినట్టే. క్రోనకర్ క్వివరంటే రెండు చుక్కలు, మధ్య రెండు బాణాలు ఒకే వైపు. డైమెన్షన్ (1,1)లో, అంటే చుక్కకి 1 చొప్పున, బాణాల నిష్పత్తి మార్చుకుంటూ పోతే, ఫీల్డు అనంతమైతే, ఇటుకలే అనంతం. క్వడ్రాటిక్ ఫారం (ఎండోమార్ఫిజంల డైమెన్షన్ ఎండ్‌లోంచి, తనతో తను అతుక్కునే తీర్ల డైమెన్షన్ ఎక్స్‌ట్ తీసేస్తే వచ్చేది) 1+1−2=0, ఎండ్ 1, అంచేత ఎక్స్‌ట్ 1. అంటే ఇటుకే గాని ఎక్సెప్షనల్ (ఎక్స్‌ట్ సున్నా అయ్యేది) కాదు. (2,2)కి వెళ్తే విడకుండానే ఇటుక కానివి తగులుతాయి.

ఆమదాలవలస: ఆ పేరు సరంలో ఇముడుతుందా?

పార్వతీపురం మాస్టారు: క్రోన, కర్‌లో. 3, 4. ఇమిడింది. మిగతా 7 మాత్రలు ఎవరి దగ్గరున్నాయి?